కన్నవారికి మొదట చూపవలసినది

పై చదువులకై విదేశములకు పోవుట నేడు మన జిల్లాలలో అరుదైన సంగతి కాదు. ఒకానొక కాలమున బారిష్టరు పరీక్షకో, ఐ.సి.యస్. పరీక్షకో పోవువారు మాత్రమే సీమకు పోయెడివారు. ఓడ నెక్కిన పిమ్మట కొన్ని సంవత్సరముల వఱకు వారికి తలిదండ్రుల ముఖము చూచు భాగ్యము లేకుండెను; తలిదండ్రులే పోయి వారిని చూచి వచ్చుట యనునది చాలమందికి ఊహకైన నందనిది. ఇప్పుడన్ననో హైదరాబాదు నుండి లండనునకు విమానము ఇంచుమించు పది గంటలలో చేరుచున్నది. బిడ్డకు పట్టమిచ్చు సమయమునకో, సెలవు దినములకో తలిదండ్రులు పోయి, కొన్ని వారములుండి, దేశము చూచి వచ్చుచున్నారు. ఈ పత్రికను చదువు విద్యార్థులలో రేపు అట్లు పోవువారు కలరు. వారిని చూడబోవు తలిదండ్రులును కలరు. కావున అట్లు వచ్చిన కన్నవారికి ఏమి చూపవలెను, ఎట్లు చూపవలెను అను విషయమున మా అభిప్రాయమును విన్నవింప దలచితిమి. లండను నగరమునే ఉదాహరణముగా గైకొందుము.

సాధారణముగా జరుగుచున్న పద్ధతి యిది. విద్యార్థి ముందుగనే ఒక పట్టిక వ్రాసికొనును. ఒకనాడు టవరు కోట, టవరు వంతెన, సెయింటు పాల్సు దేవాలయము. మఱునాడు వెస్టుమినిస్టరు ఆబీ, పార్లమెంటు భవనము, రాజప్రాసాదము. మూడవనాడు మైనపు బొమ్మలు, పెద్ద రంగులరాట్నము. ప్రతిచోట ఒక ఫోటో. పదునైదు దినములు గడచును. తలిదండ్రులు ఇంటికి తిరిగి వచ్చి ఆ ఫోటోలను ఇరుగుపొరుగువారికి చూపుదురు. అప్పుడు ఎవరైనను, "మీ అబ్బాయి భోజనము ఎక్కడ? వాని గదిలో ఎందఱుందురు? జ్వరము వచ్చిన దగ్గఱనుండి చూచువా రెవరు?" అని అడిగినచో వారియొద్ద సమాధానము లేదు. ఊరంతయు చూచిరి, ఏ బిడ్డకొఱకు సముద్రములు దాటి పోయిరో ఆ బిడ్డ బ్రతుకును మాత్రము చూడలేదు.

ఇట్లు జరుగుటకు రెండు కారణములు తోచుచున్నవి. మొదటిది ప్రేమ. ఇంత వ్యయపడి వచ్చిన అమ్మానాన్నలకు ఏదియు తక్కువ కాకూడదని బిడ్డ తలచును. ఇది మెచ్చదగినదే. రెండవది అంతగా పైకి చెప్పుకొననిది. ఆ విద్యార్థి నలుగురితో కలిసి ఒక ఇరుకు గదిలో నుండవచ్చును. ఆ దేశపు నిబంధనల ప్రకారము పట్టపు చదువు చదువువారు పాఠములు జరుగు వారములలో సాధారణముగా 20 గంటలవఱకు కూలిపని చేసికొనవచ్చును. కావున అతడు సాయంకాలములందు ఏదో అంగడిలో సామానులు సర్దుచు, హోటలులో పళ్లెములు కడుగుచు నుండవచ్చును. పొలము తాకట్టు పెట్టియో, బ్యాంకులో అప్పు తెచ్చియో పంపిన తండ్రికి ఈ సంగతి తెలియకూడదని అతని తలపు. అందుచేత టవరు కోటయు రంగులరాట్నమును తెరలుగా మాఱుచున్నవి. చూపుట యను పేరుతో దాచుట జరుగుచున్నది.

ఈ పద్ధతి మంచిది కాదని మా దృఢమైన అభిప్రాయము. తలిదండ్రులకు మొదట చూపవలసినది నగరము కాదు, తాను ఆ నగరములో దినము గడపు విధము. తన గది, వంటపొయ్యి, తాను ఎక్కు బస్సు, కళాశాలలో కూర్చుండు చోటు, గ్రంథాలయములో చదువుకొను బల్ల, బియ్యము పప్పు కొను దుకాణము, కష్టసుఖములలో తోడుండు స్నేహితులు, వీలైనచో పని చేయు అంగడి - ఇవి చూపుటకు టిక్కెట్టు లేదు. ఈస్టు హాము వీథులలో కరివేపాకును, ఇడ్లీ రవ్వయు అమ్ము దుకాణములను ఒక్క పర్యాయము చూచిన తల్లి, "పిల్లవాడు ఏమి తినుచున్నాడో" యను చింతను సగము విడిచి ఇంటికి వచ్చును. దూరపు కొండలు నునుపని మన పెద్దలు చెప్పిరి. దగ్గఱకు వచ్చినవారికి కూడ నునుపునే చూపవలెనని యత్నించుట తగదు.

అట్లైన వింతలను చూపవద్దా యని కొందఱు అడుగవచ్చును. చూపవలసినదే. జీవితములో ఒక్కసారి పోయినవారు వానిని చూడక వచ్చుట న్యాయము కాదు. కాని దినమునకు ఒకటి చాలును. అదియు తలిదండ్రులు వట్టి చూపరులుగా నిలువక తామును ఒక మాట చెప్పగల చోటైనచో మఱింత మేలు. లండనులో అట్టి చోట్లు తెలుగువారికి కొన్ని కలవు.

బ్రిటిషు మ్యూజియములో 33ఏ సంఖ్యగల గదిలో మన అమరావతి స్తూపపు శిల్పములున్నవి. వాల్టరు ఎలియటు 1845లో త్రవ్వించిన ఈ శిలలు మొదట మద్రాసునకును, 1859లో లండనునకును చేరినవి. 1880 నుండి ఆ మ్యూజియములో నున్నవి. అచ్చటి శిల్పములు నూటయిరువదికి పైగా కలవు. అవి పలనాటి సున్నపురాతితో చెక్కినవి. గుంటూరు సీమ తండ్రి ఆ గదిలో నిలిచినప్పుడు బిడ్డయే వినువాడగును, తండ్రి చెప్పువాడగును. అచ్చటి ప్రవేశమునకు రుసుము లేదు. అయితే ఆ గది తెఱచి యుండునది లేనిది ముందుగా తెలిసికొని పోవలెను.

టవరు కోటలోని కోహినూరు వజ్రము కృష్ణాతీరమునందలి కొల్లూరు గనులలో దొరకినదని ప్రతీతి. 1849లో పంజాబు రాజ్యముతోపాటు పదేండ్ల బాలుడైన దులీపు సింగు చేతినుండి అది ఆంగ్లేయుల వశమైనది. 1852లో దానిని మరల సానపట్టగా 186 క్యారట్ల వజ్రము 105.6 క్యారట్లకు తగ్గినది. ఈ కథ తెలిసి చూచినవారికి అది వట్టి మెఱుపు రాయి కాదు.

గ్రీనిచి కొండపై నున్న నక్షత్రశాల మీదుగా పోవు రేఖను 1884లో వాషింగ్టను సభ సున్న రేఖాంశముగా అంగీకరించినది. మన దేశపు కాలమును నిర్ణయించు 82½ డిగ్రీల రేఖ కాకినాడ చేరువగా పోవుచున్నది. గంటకు 15 డిగ్రీల చొప్పున లెక్కించినచో ఐదున్నర గంటల తేడా వచ్చును. బిడ్డ నిద్ర లేచు వేళకు ఫోను చేయవలెనని ఆ ఐదున్నర గంటలను ప్రతిదినము వ్రేళ్లపై లెక్కించుకొన్న తల్లికంటె ఆ రేఖయొద్ద నిలువదగినవా రెవరు?

కెన్సలు గ్రీను శ్మశానవాటికలో చార్లెసు ఫిలిపు బ్రౌనుగారి సమాధి కలదు. ఆయన 1829లో వేమన పద్యములను అచ్చు వేయించెను. 1852లో నిఘంటువును వెలువరించెను. తరువాత లండనులోనే యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ఆచార్యుడై, 1884లో కాలధర్మము నొందెను. అచ్చట ఒక పూలగుత్తి యుంచి వచ్చుటకు అరపూట చాలును.

శరీరమును గూర్చియు తలంపవలెను. లండనులో రాత్రి ఎనిమిది గంటలైనప్పుడు, శీతకాలమున మన యింట ఒంటిగంటన్నర యగును. కావున వచ్చిననాటి సాయంకాలమే నాటకమునకు టిక్కెట్టు కొనుట తెలివిగాదు. సెయింటు పాల్సు గుమ్మటము కొనకు 528 మెట్లు. మోకాళ్ల నొప్పులుగల తల్లికి దాని క్రింది మందిరమే చాలును. భూగర్భపు రైలు స్టేషనులలో చాలవానికి మెట్లే గాని లిఫ్టు లేదు. బస్సులో ఒక్కసారి కట్టిన చార్జీతో గంటలోపల మఱొక బస్సు ఎక్కవచ్చును. పైగా కిటికీ ప్రక్కన కూర్చుండి ఊరంతయు చూడవచ్చును. డిసెంబరులో నాలుగు గంటలకు ముందే ప్రొద్దు క్రుంకును. జూనులో తొమ్మిది దాటువఱకు వెలుగుండును. ప్రయాణపు మాసము నెన్నుకొనునప్పుడే ఇది గమనింపవలెను.

ఇంకొక సంగతి చెప్పక తప్పదు. కొందఱు పిల్లలు తలిదండ్రులతో వీథిలో నడచుచు నాలుగడుగులు ముందుగా పోవుదురు. రైలులో అమ్మ తెలుగున బిగ్గఱగా మాటలాడినచో నలువైపుల చూతురు. నాన్న పంచె కట్టునేమోయని, అమ్మ సంచిలోనుండి పులిహోర డబ్బా తీయునేమోయని భయపడుదురు. ఆ నగరమున వందలకొలది భాషలు వినబడుచుండును. మన తెలుగు వినబడినంత మాత్రమున ఎవరును తిరిగి చూడరు. సిగ్గు పడుచున్నది ఆ నగరము కాదు, మన పిల్లవాడే. అతడు ముందుగా నడచిన ఆ నాలుగడుగులను తల్లి గమనింపకపోదు, గమనించియు చెప్పదు.

తలిదండ్రులకును ఒక మనవి. ప్రతి కాఫీకి పౌండ్లను రూపాయలుగా మార్చి పైకి చెప్పవద్దు. ఎదురింటివారి కుమారునితో పోల్చవద్దు. అన్నిటికంటె ముఖ్యముగా, బిడ్డ ధైర్యము చేసి తన గదిని, తన పనిని చూపినప్పుడు కంట నీరు పెట్టి, "ఇందుకా నిన్ను పంపితిమి?" అనవద్దు. ఆ మాట ఒక్కసారి వచ్చిన పిమ్మట అతడు మఱల ఏదియు చూపడు. హాస్టలులో తన కంచము తానే కడిగికొని చదివిన బాలుడు పరదేశమున నలుగురి పళ్లెములు కడిగి చదువుకొనుట అవమానము కానేరదు. ఊరికి వచ్చి ఆ సంగతిని బంధువులకు దాచక చెప్పగలిగిన తండ్రి, రేపు పోవు పదిమంది పిల్లలకు మేలు చేసినవాడగును. వారు నిజము తెలిసికొని పోవుదురు గనుక.

విద్యార్థులారా! మీలో విదేశమునకు పోవువారు ఉందురు. మీ తలిదండ్రులు మిమ్ము చూడ వత్తురు. పట్టిక వ్రాయునప్పుడు మొదటి దినమునకు ఎదురుగా ఏ కోటపేరును వ్రాయవద్దు. మీ గది చిరునామా వ్రాయుడు. మిగిలిన దినములకు ఏమి చూడవలెనో, మీ చేతి అన్నము తిని, వారే చెప్పుదురు.