ఓడిన టీకాల కథ కూడా తెలుగులో రావాలి

ఏడాదిలో కోవిడ్‌కు టీకా తెచ్చిన శాస్త్రం నలభై ఏళ్లుగా ఎయిడ్స్‌కు ఎందుకు తేలేకపోయింది? చదువుకున్నవారి మధ్య కూడా ఈ ప్రశ్న తరచు వినిపిస్తుంది. దాని వెంటే జవాబూ వస్తుంది: కంపెనీలకు లాభం లేదు, పేదవాడి రోగం, ఎవరికి పట్టింది? ఈ మాటలోని కోపం న్యాయమైనదే కావచ్చు. జవాబు మాత్రం తప్పు.

2021 ఫిబ్రవరి 25న జాన్సన్ అండ్ జాన్సన్ కోవిడ్ టీకాకు అత్యవసర అనుమతి ఇచ్చి, ప్రపంచంలో ఆ పని చేసిన మొదటి దేశంగా బహ్రెయిన్ నిలిచింది. గుదైబియా సందుల్లో కాపురముంటున్న తెలుగువారికి అది ఇంటివార్త. ఆ టీకాలో వాహకం ఎడినోవైరస్-26. అదే వాహకంతో అదే సంస్థ తయారుచేసిన హెచ్ఐవీ టీకా ఆరు నెలలకే, ఆగస్టు చివర, ఓడిపోయింది. ఆఫ్రికా దక్షిణాన ఐదు దేశాలలో సుమారు 2,600 మంది యువతులు పాల్గొన్న ఆ ఇంబొకోడో పరీక్షలో కనిపించిన రక్షణ 25 శాతం. అదీ గణాంకశాస్త్రం నమ్మదగినదిగా ఒప్పుకోని 25 శాతం. దాని తోడు పరీక్ష మొజాయికో 2023 జనవరిలో ఆగిపోయింది. సంస్థ ఒకటే, వాహకం ఒకటే, ఖర్చుకు వెనుకాడిందీ లేదు. తేడా ఎక్కడుంది?

తేడా బండిలో లేదు, సరుకులో ఉంది. వాహక వైరస్ బండి వంటిది. దాని హానికర గుణాన్ని తీసివేసి, శత్రువు జన్యువు ఒకదానిని ఎక్కించి కణాలలోకి పంపుతారు. కోవిడ్ విషయంలో ఏ సరుకు ఎక్కించాలో ముందే తెలుసు: స్పైక్ ప్రొటీన్. పైగా ఎక్కువమంది రోగులు తమంతట తామే కోలుకుంటారు కనుక, శరీరానికి గెలిచే దారి ఉన్నదని కూడా తెలుసు. హెచ్ఐవీని సహజంగా పూర్తిగా వదిలించుకోవడం దాదాపు ఎవరికీ సాధ్యం కాలేదు. అది చక్కెర అణువుల ముసుగు వేసుకుంటుంది, క్షణక్షణం రూపు మారుస్తుంది, కొద్ది రోజులలోనే మన జన్యువులలో కలిసిపోయి దాగుకుంటుంది. ఏ సరుకు పంపాలో తెలియనప్పుడు బండి ఎంత మంచిదైతే ఏమి?

కోవిడ్ విజయగాథలకు పాఠకులు కొదవలేదు. ఆక్స్‌ఫర్డ్ టీకాను రూపొందించిన సారా గిల్బర్ట్, కేథరిన్ గ్రీన్ రాసిన ‘వాక్సర్స్’ 2021లో వచ్చింది, చదివించింది. ఎయిడ్స్ టీకా వేటపై జాన్ కోహెన్ రాసిన ‘షాట్స్ ఇన్ ద డార్క్’ అంతకు ఇరవై ఏళ్ల ముందే, 2001లో, వచ్చింది. టీకా రెండేళ్లలో పరీక్షకు సిద్ధమవుతుందని 1984లో అమెరికా ఆరోగ్యమంత్రి మార్గరెట్ హెక్లర్ పలికిన నాటి నుంచి ఆశలు ఎలా కూలాయో తెలియాలంటే ఇటువంటి పుస్తకాల వైపే చూడాలి. గెలుపు పుస్తకాన్ని అందుకునే చేయి ఓటమి పుస్తకం దగ్గర ఆగిపోతుంది. శాస్త్రం మీద అపోహలు పుట్టేది ఈ ఆగిపోయిన చోటనే.

ఓటమి కథ తెలియకపోతే వచ్చే నష్టం హైదరాబాదుకే తెలియాలి. మెర్క్ సంస్థ ఎడినోవైరస్-5 వాహకంతో చేసిన హెచ్ఐవీ టీకా కోతులలో ఆశ రేపింది. మనుషులలో జరిగిన స్టెప్ పరీక్షను 2007 సెప్టెంబరులో ఆపేశారు. రక్షణ లేకపోవడం ఒక్కటే కాదు: ఆ ఎడినోవైరస్‌కు అప్పటికే ప్రతిరక్షకాలున్న, సున్తీ లేని పురుషులలో టీకా పొందినవారికే హెచ్ఐవీ ఎక్కువగా సోకింది. ఎందుకన్నది నేటికీ పూర్తిగా తేలలేదు. ఆ పరిశోధనలలో పనిచేసిన శాస్త్రవేత్తలే 2020 అక్టోబరులో ‘లాన్సెట్’లో లేఖ రాసి, అదే వాహకంతో కోవిడ్ టీకాలు చేసేవారిని హెచ్చరించారు. స్పుత్నిక్-వి రెండవ మోతాదు వాహకం అదే. 2021 అక్టోబరులో దక్షిణాఫ్రికా నియంత్రణ సంస్థ ఈ కారణంగానే దానికి అప్పటికి అనుమతి నిరాకరించింది. ఆ భయం నిరాధారమని తయారీదారులు వాదించారు. వారి వాదనే నిజం కావచ్చు. కోవిడ్ టీకా వల్ల అటువంటి హాని జరిగిందని ఎవరూ నిరూపించలేదు.

ఆ టీకాను భారతదేశానికి తెచ్చినది హైదరాబాదు సంస్థ డాక్టర్ రెడ్డీస్. 2021 మే 14న దేశంలో తొలి మోతాదు పడింది హైదరాబాదులోనే. ఆ ఏడాది జాతీయ అంచనాల ప్రకారం వయోజనులలో హెచ్ఐవీ దేశం మొత్తం మీద 0.21 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47. దక్షిణాఫ్రికా అడిగిన ప్రశ్నను దేశంలో ఎవరైనా అడగవలసి ఉంటే ముందు అడగవలసినవారు తెలుగువారు. అడగడమంటే టీకాను తిరస్కరించడం కాదు. జవాబు ‘ప్రమాదం లేదు’ అయినా, ప్రశ్న మన భాషలో నలిగి ఉండవలసింది. అలా నలగని ప్రశ్నే రేపు పుకారై తిరుగుతుంది.

ఇందులో మనవారి భాగమూ ఉంది. 2005 ఫిబ్రవరిలో పుణె జాతీయ ఎయిడ్స్ పరిశోధన సంస్థలో అడినో అసోసియేటెడ్ వైరస్ వాహకంతో భారతదేశపు తొలి హెచ్ఐవీ టీకా పరీక్ష మొదలైంది. వాలంటీర్లు 30 మంది. 2006 జనవరిలో చెన్నై క్షయ పరిశోధన కేంద్రంలో బలహీనపరచిన మశూచి టీకా వైరస్ వాహకంగా రెండవది. వాలంటీర్లు 32 మంది. మొదటిది సురక్షితమే కాని శరీరాన్ని చాలినంతగా మేల్కొలపలేదు. రెండవది మేల్కొలిపింది, అయినా దాని నుంచి వాడుకలోకి వచ్చే టీకా పుట్టలేదు. హెచ్ఐవీ పేరు చెబితే పెళ్లి సంబంధాలు తప్పిపోయే దేశంలో ఆరోగ్యంగా ఉన్నవారు ఆ టీకాకు చేయి చాపారు. ఆ ధైర్యాన్ని ‘విఫల ప్రయోగం’ అన్న రెండు మాటలలో కట్టి అటక మీద పడేయడం కృతఘ్నత.

గల్ఫ్ వీసా కోసం నిలబడే తెలుగు కార్మికునికి హెచ్ఐవీ శాస్త్రంతో పరిచయం వైద్యపరీక్ష కాగితం మీది ఒక గడి వరకే. ఆ గడిలో ఒక్క మాట మారితే ప్రయాణం ఆగుతుంది. అతని జీవితాన్ని తిప్పగల వైరస్ గురించి అతని భాషలో ఇంతకంటే ఎక్కువ ఉండాలి. విజేతల జీవితచరిత్రలను అనువదించే ఓపిక ఉన్నవారికి, ఓడినవారి లెక్కలను అనువదించే బాధ్యత కూడా ఉంది.