ఊరు విడిచి వెళ్తేనే స్కాలర్‌షిప్పా?

మా ఆడబిడ్డ కూతురు అగ్రికల్చర్ బీఎస్సీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. పోయిన ఆదివారం ఇంటికొచ్చింది. నేను జొన్నరొట్టెలు కొడుతుంటే పక్కనే గట్టెక్కి కూర్చుని, "అత్తా, బ్యాంకు పరీక్షకి అప్లై చేస్తున్నా" అంది. బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ అని ఒక పోస్టు ఉంటుందిలెండి, వీళ్ళ క్లాసులో సగం మంది దానికే చదువుతున్నారట. మంచిదే కదే అన్నాను. "మంచిదే" అంది, రొట్టె తుంచుకుంటూ. ఆ "మంచిదే" నాకు రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు.

ఎందుకంటే ఆర్నెల్ల కిందట ఈ పిల్ల ఇలా లేదు. అగ్రికల్చర్ వాళ్ళకి ఆఖరి ఏడాదిలో ఒక సెమిస్టర్ పల్లెలో ఉండి రైతుల దగ్గర పని నేర్చుకోవాలని నియమం ఉంది. దీన్ని జహీరాబాద్ వైపు ఒక ఊరికి వేశారు. అక్కణ్ణుంచి రోజూ ఫోనే. గునుగు కూర తిన్నానత్తా, ఒకే చేలో జొన్నా కందీ అనుములూ కలిపి వేశారత్తా, ఇదే గోల. చివరికి ఒక విషయం పట్టుకుంది. ఆ ఊళ్ళో కొర్రలు పండుతాయి, ఆ ఊరి పిల్లలు మాత్రం కొర్రన్నం తినరు. కారణం రుచి కాదు. జొన్నలైతే కడిగి పిండి పట్టించుకోవచ్చు. కొర్రలకీ సామలకీ పొట్టు తియ్యాలి. గింజ చూస్తే ఆవగింజకి అన్నయ్యంత, పొట్టేమో గట్టిగా అంటుకుని ఉంటుంది. బియ్యం మిల్లులో పోస్తే పని జరగదు. మా అమ్మమ్మ కాలంలో ఆడవాళ్ళు రోకళ్ళతో దంచి చచ్చారు. ఇప్పటి కోడళ్ళు దంచం అన్నారు, సరిగ్గా అన్నారు. కాబట్టి గింజ బస్తాల్లో దూరం మిల్లుకి పోయి, ప్యాకెట్టయి, నాలుగింతల రేటుతో నా వంటింటికి వస్తుంది.

దీనిది చిన్న కోరిక. డిగ్రీ అయ్యాక రెండేళ్ళు ఆ ఊళ్ళోనే ఉండి, మహిళా సంఘంతో కలిసి చిన్న పొట్టు మిషను నడపాలి. గంటకెంత ఆడుతుంది, కరెంటెంత అవుతుంది, నూక ఎంత పోతుంది, పక్క ఊరి హాస్టలు కొంటుందా, ఇవన్నీ లెక్క కట్టాలి. దానికి దీనికి కావలసింది ఇంటద్దె, తిండి ఖర్చు, అంతే. ఒక ఆఫీసుకి వెళ్ళి స్కాలర్‌షిప్ ఏదైనా ఉందా అని అడిగింది. అక్కడాయన మర్యాదగానే చెప్పాడట: "ఇలాంటిదానికి ఫారంలో కాలమ్ లేదమ్మా."

కాలమ్ లేదు నిజమే. నేనూ వాకబు చేశాను. ఐసీఏఆర్ వాళ్ళ నేషనల్ టాలెంట్ స్కాలర్‌షిప్ ఉంది. అది సొంత రాష్ట్రం దాటి వేరే రాష్ట్రంలో చేరినవాళ్ళకి. మన తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉంది, విదేశంలో పీజీకి 20 లక్షల దాకా ఇస్తారు, వ్యవసాయ శాస్త్రాలకీ వర్తిస్తుంది. అది తీసెయ్యమని నేను అనను, నోరు పడిపోతుంది నాకు. తరతరాలుగా గడప దాటనివ్వని ఇళ్ళ పిల్లలు విమానం ఎక్కుతున్నారంటే అలాంటి వాటివల్లే. నా గొడవ వేరు. జిల్లా దాటితే ఇస్తాం, రాష్ట్రం దాటితే ఇస్తాం, దేశం దాటితే ఇంకా ఎక్కువిస్తాం, ఉంటానన్న పిల్లకి మాత్రం రూపాయి ఇవ్వం అనడం ఏం న్యాయం?

"ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇస్తున్నారుగా" అన్నారు మా వారు. ఇస్తున్నారు, అది కాలేజీకి పోతుంది. కాలేజీ గేటు దాటిన మర్నాటి నుంచి ఈ పిల్ల ఏం తినాలి? "ఉద్యోగం దొరక్కపోతే పొలం పనులంటారు" అని మా ఆడబిడ్డ. ఆవిడ భయం ఆవిడది, లోను కట్టేది ఆవిడే మరి. "చదువుకున్నవాళ్ళు పల్లెలో ఉండర"ని ఇంకొకరు. ఉండటానికి ఒక్కసారైనా డబ్బిచ్చి చూశామా?

2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అంది, అడిగింది మన దేశమే. ఆ ఏడాది బడ్జెట్లో "శ్రీ అన్న" అని పేరు పెట్టారు, మన రాజేంద్రనగర్‌లోని పరిశోధన సంస్థకి పెద్ద హోదా ఇస్తామన్నారు. సంతోషం. కానీ ఇదే జహీరాబాద్ చుట్టుపక్కల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు, ఎక్కువమంది దళితులు, అంతకు ఎన్నో ఏళ్ళ ముందే విత్తనాలు దాచారు. బీడు భూముల్లో జొన్న పండించి తమ ఊళ్ళలోనే పేదలకి పంచారు. 2019లో వాళ్ళకి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. వాళ్ళకి తెలిసింది నేర్చుకోవడానికి వచ్చే విద్యార్థికి డబ్బిచ్చే పద్దు ఎక్కడుంది? నేర్పే ఆ తల్లికి గౌరవ వేతనం ఎక్కడుంది? ప్రొఫెసరుకి జీతం ఇస్తాం, ఆవిడకి శాలువా కప్పుతాం.

నేనేదో పుణ్యాత్మురాలిని అనుకోకండి. మా అల్మారాలో మొన్నటిదాకా ఓట్సు డబ్బా ఉంది. సజ్జపిండి తెస్తే నాలుగు రోజులకే చేదెక్కిందని పారేశాను. అది ఎందుకు చేదెక్కుతుందో, వారం నిలవాలంటే ఊళ్ళో ఏం చెయ్యొచ్చో కనిపెట్టడం కూడా ఒక పిల్ల రెండేళ్ళ పనే. నేను హోమ్ సైన్స్ చదివిన రోజుల్లో "అప్పడాల కోర్సు" అని నవ్వేవారు. తిండికి సంబంధించిన చదువంటే ఇప్పటికీ అదే నవ్వు, ఆ నవ్వే ఫారంలో కాలమ్ లేకుండా చేసింది.

నేనడిగేది పెద్దదేం కాదు. మండలానికి ఒక్కరు. డిగ్రీ అయినవాళ్ళకే అనొద్దు, ఇంటర్ ఆగిపోయిన రైతు కూలీ కూతురికి మొదట ఇవ్వండి, ఆ పిల్లకి గింజ పేర్లు నాకన్నా ఎక్కువ తెలుసు. రెండేళ్ళు నెలనెలా డబ్బు, ఆర్నెల్లకోసారి బాకీ పెట్టి కాదు. పని ఫలించకపోయినా తిరిగి కట్టమనొద్దు. ఏం చేశారో గ్రామసభలో చెప్పించండి, నాలుగు వందల పేజీల రిపోర్టు వద్దు.

బ్యాంకు పరీక్షకి ఆఖరి తేదీ వచ్చే శుక్రవారం. ఫీజు నా ఫోన్లోంచి కట్టమని మా ఆడబిడ్డ రెండుసార్లు చేసింది. కడతాలే వదినా అన్నాను. ఇంకా కట్టలేదు.