తాళంచెవి తలుపుకే వేలాడదీయకండి



హాస్టల్లో మనకున్న ఆస్తల్లా ఒక ట్రంకుపెట్టె. దాని తాళంచెవి మొలతాడుకి కట్టుకుని తిరిగేవాళ్లం. స్నానానికి వెళ్లినా అది ఒంటిమీదే. అంత జాగ్రత్త నేర్చిన నేనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన కొత్తలో పెద్ద పొరపాటు చేశాను. డేటాబేస్ పాస్‌వర్డ్‌ను నేరుగా ప్రోగ్రామ్‌లోనే రాసేశాను. కొన్నాళ్లకు సీనియర్ ఒకాయన చూసి మందలిస్తే, ఆ లైను చెరిపేసి పని అయిపోయిందనుకున్నాను.

"లైను చెరిపావు సరే, గిట్‌లో పాత ప్రతులు అలాగే ఉంటాయి కదయ్యా. పాస్‌వర్డ్ మార్చావా?" అని అడిగారాయన. మార్చబోతే అదే పాస్‌వర్డ్ ఇంకో నాలుగు ప్రోగ్రాముల్లో ఉందని తేలింది. ఒకటి సరిచేస్తే ఇంకొకటి ఆగిపోయింది. ఆ రాత్రి నిద్ర లేదు.

పెద్ద కంపెనీలూ ఈ తప్పు చేశాయి. 2016లో ఉబర్ సంస్థ ప్రోగ్రాములు దాచుకున్న గిట్‌హబ్ ఖాతాలోకి దొంగలు చొరబడ్డారు. అమెజాన్ క్లౌడ్ తాళంచెవి అక్కడే రాసి ఉంది. దానితో 5.7 కోట్ల మంది ప్రయాణికుల, డ్రైవర్ల వివరాలు పట్టుకుపోయారు. ఆ సంగతి ఏడాదిపాటు దాచినందుకు 2018లో ఉబర్ 14.8 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకోవలసి వచ్చింది. దొంగ చేతికి తాళాలివ్వడం అంటే ఇదే.

దీనికి మందు ఉంది. అజూర్ కీ వాల్ట్, అమెజాన్ సీక్రెట్స్ మేనేజర్ వంటివి క్లౌడ్‌లో ఉండే ఇనప్పెట్టెలు. రహస్యానికి ఒక పేరు పెట్టి అందులో దాచుతాం. ప్రోగ్రామ్‌లో ఆ పేరు మాత్రమే ఉంటుంది. నడిచేటప్పుడు వెళ్లి అడిగి తెచ్చుకుంటుంది. "మరి ఆ పెట్టె తెరవడానికి ఇంకో పాస్‌వర్డ్ కావాలి కదా?" అని మీరు అడగవచ్చు. ప్రోగ్రామ్ క్లౌడ్‌లోనే నడుస్తుంటే దానికి క్లౌడే ఒక గుర్తింపు ఇస్తుంది. వార్డెన్ గారు మొహం చూసి స్టోర్ రూమ్ తెరిచినట్టన్నమాట.

మార్చడం కూడా తేలికే. కీ వాల్ట్‌లో అదే పేరుతో కొత్త విలువను కోడ్ ద్వారా పంపితే కొత్త ప్రతిగా చేరుతుంది. పేరు మాత్రమే చెప్పి అడిగిన వారికి తాజా ప్రతి అందుతుంది. అయితే రెండు జాగ్రత్తలు. వాల్ట్‌లో మార్చినంత మాత్రాన డేటాబేస్‌లో మారదు, రెండుచోట్లా మార్చాలి. మొదట్లో ఒకసారి తెచ్చుకుని గుర్తుంచుకునే ప్రోగ్రామ్ పాతదాన్నే పట్టుకుని వేలాడుతుంది, మళ్లీ అడిగేలా రాయాలి.

నా అభిప్రాయం ఒకటే. రహస్యాన్ని దాచడం సగం పని. అవసరమైనప్పుడు ఏదీ ఆగకుండా మార్చగలగడం మిగతా సగం. తాళంచెవి పోతే వెతుక్కుంటూ కూర్చోం, తాళమే మారుస్తాం కదా! పెట్టె తెరిచే అనుమతి ఆఫీసులో అందరికీ ఇచ్చేస్తే మాత్రం అది ఉన్నా లేనట్టే.

"కాలేజీ ప్రాజెక్టుకి ఇదంతా ఎందుకన్నా?" అంటారేమో. వాల్ట్ అక్కర్లేదు. పాస్‌వర్డ్‌ను వేరే ఫైల్లో పెట్టి, ఆ ఫైలు గిట్‌లోకి వెళ్లకుండా చూడండి. ఈరోజు అలవాటే రేపు ఉద్యోగంలో కాపాడుతుంది.

చివరిగా ఒక్క మాట. స్కాలర్‌షిప్ కోసం మనం ఇచ్చిన కులం, ఆదాయం, ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలన్నీ ఇప్పుడు కంప్యూటర్లలోనే ఉన్నాయి. మన అమ్మానాన్నలకు వాటి సంగతి తెలియదు. వాటి తాళం ఎవరో ఒక ప్రోగ్రామర్ చేతిలో ఉంటుంది. రేపు ఆ ప్రోగ్రామర్ మీలో ఒకరు కావచ్చు. ఆ రోజు మొలతాడుకి కట్టుకున్న తాళంచెవిని గుర్తు తెచ్చుకోండి.

– ఒక పూర్వ విద్యార్థి