ఆరోగ్య ప్రసంగము: పొట్ట తగ్గించు శస్త్రచికిత్స మనకు తగునా?



గత మాసమున మా యాడుబిడ్డ వచ్చి, తలుపు చేరవైచి, "వదినా! నేను మినీ టమ్మీ టక్ చేయించుకొనదలచితిని. అన్నయ్యతో నీవే చెప్పవలెను" అనెను. ఆమె శంషాబాదు విమానాశ్రయమున ఉద్యోగిని. ఇద్దరు బిడ్డల తల్లి. రెండు కాన్పులును శస్త్రచికిత్సతోనే జరిగినవి. చిన్నవానికి ఏడు నెలలు. ఇంకను పాలు త్రాగుచున్నాడు.

నేను తొందరపడి "దేహము అనిత్యమని యెఱుగవా? ఇదేమి వ్యామోహము?" అని మందలించితిని. ఆమె కన్నీరు పెట్టుకొని, కోత గుర్తుపై వ్రేలాడు చర్మపు మడతను చూపెను. చెమటకు ఒరసికొని అచట ఎఱ్ఱబడి యుండెను. గంటల తరబడి నిలువబడి పనిచేయుదానికి అది నిత్యబాధ. అదిగాక, ఒక పెండ్లిలో బంధువురాలొకతె "ఇప్పుడెన్నవ నెల?" అని అడిగెనట! ఎదుటివారి బాధ తెలియక నీతి చెప్పుట ఎంత సులభమో గ్రహించి సిగ్గుపడితిని. సుశ్రుతసంహితలో తెగిన ముక్కును చెక్కిలి చర్మముతో సరిచేయు విధము చెప్పబడినది గదా! దేహమును బాగుచేసికొనుట తప్పని మన పెద్దలనలేదు.

ఇట్టివారు మనలో అరుదు కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, అంతకు ముందటి అయిదేండ్ల కాన్పులలో తెలంగాణమున నూటికి 60.7 శస్త్రచికిత్సతో జరిగినట్లు తేలినది. దేశమంతటికిని ఆ లెక్క 21.5 మాత్రమే. కాన్పు ఏ తీరున జరిగినను పొట్ట చర్మము వదులగును. కోత గుర్తు లోపలికి అతుకుకొనినచో దానిపై మడత మఱింతగా కనబడును.

మఱునాడే మేమిరువురము నగరములోని యొక ప్లాస్టిక్ సర్జనుకడకు పోయితిమి. ఆయన చెప్పినదాని సారమిది. ఈ చిన్న శస్త్రచికిత్సలో పొత్తికడుపు దిగువను కోసి, నాభికి క్రిందనున్న వదులు చర్మమును, కొంత క్రొవ్వును తీసివేయుదురు. అవసరమైనచో అచటి కండరములను దగ్గరకు చేర్చి కుట్టుదురు. నాభిని కదలింపరు. పెద్ద శస్త్రచికిత్సలోనైతే కోత ఒక తుంటినుండి రెండవ తుంటివఱకు సాగును. నాభికి క్రొత్త చోటు కల్పింతురు.

చిన్నది ఎవరికి తగును? బరువు నిలకడగా నుండి, వదులుదనము నాభికి దిగువనే యుండి, ఇక బిడ్డలు వలదనుకొనినవారికి. ఇది బరువు తగ్గించు ఉపాయము కాదు. కండరముల వెనుక, ప్రేవుల చుట్టును చేరిన క్రొవ్వును ఇది తాకనైన తాకదు. మన స్త్రీలకు నడుము కొలత 80 సెంటీమీటర్లు దాటినచో మధుమేహ, హృద్రోగముల భయము హెచ్చును. అట్టివారు మొదట చూచుకొనవలసినది ఆహారమును, వ్యాయామమును.

పిదప ఆయన మా యాడుబిడ్డను వెల్లకిల పరుండబెట్టి తల యెత్తుమనెను. నాభికి పైనను నడుమ గట్టువలె ఉబ్బినది. "కండరములు పైభాగమునను ఎడమైనవి. క్రింద మాత్రమే బిగించినచో పై ఉబ్బు మఱింత కనబడును. ఈ యెడము కాన్పు పిమ్మట కొన్ని నెలలలో కొంత తగ్గవచ్చును. ఫిజియోథెరపిస్టు నేర్పు వ్యాయామము మేలు చేయును. వదులైన చర్మము మాత్రము దానిచే బిగియదు. బిడ్డ పాలు మానిన కొన్ని నెలలకు రండు, అప్పుడు చూతము" అనెను. చిన్నదనుకొని పోయిన పని ఆమెకు చాలదని తేలినది!

కష్టములను గూడ దాచలేదు. నీరు చేరుట, చీము పట్టుట, రక్తస్రావము, తిమ్మిరి, చెఱగని మచ్చ కలుగవచ్చును. అరుదుగా కాలి నరములలో రక్తము గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరి ప్రాణాపాయము కలుగును. పొగాకు వాడువారికి గాయము మానుట కష్టము. నాలుగు నుండి ఆఱు వారములు బరువు లెత్తరాదు, చంటిబిడ్డనైనను ఎత్తుకొనరాదు. ఇంట ఎవరు సాయపడుదురో ముందే ఆలోచింపవలెను.

2008 మార్చిలో ఈ విమానాశ్రయము తెరచినది మొదలు, విదేశములనుండి మన ఆడపడుచులు కొలది సెలవుపై నేరుగా ఇచటనే దిగుచున్నారు. ఆ సెలవులోనే ఈ పని ముగించుకొని పోవుదమని తలచువారికి నా మనవి: శస్త్రచికిత్స కాగానే దూరప్రయాణము కూడదు. గంటలకొలది కదలక కూర్చుండుట రక్తపు గడ్డల భయమును పెంచును. ప్రయాణ దినమును వైద్యునడిగియే నిర్ణయింపుడు.

వైద్యుడు ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్. గాని డి.ఎన్.బి. గాని పొందెనా, రాష్ట్ర వైద్యమండలిలో పేరు కలదా, మత్తు ఎవరిత్తురు, వికటించినచో ఏ ఆసుపత్రిలో చూతురు, మొత్తము ఖర్చెంత అని సంకోచింపక అడుగుడు. సౌందర్యమునకై చేయు చికిత్సకు సాధారణముగా బీమా సొమ్ము రాదు.

మా వారితో నంతయు చెప్పితిని. బడిపంతులు గదా! "లెక్క పూర్తిగా చదువక జవాబు వ్రాయరాదు. చదివిన పిదప జవాబు దానిదే, మనది కాదు" అనిరి. మా యాడుబిడ్డ ఒరపుడుకు లేపనము రాచుచు, వ్యాయామము చేయుచున్నది. ఏడాదికి మరల చూపించుకొనునట. అప్పుడామె చేయించుకొనినను, మానినను, బిడ్డల నెత్తుకొనుటకు నేను వెళ్ళుదును.