ఒకే కుర్రాడు... ఎన్నెన్ని జన్మలో!

తలుపు చప్పుడైంది. బయట ముగ్గురు కొత్త మనుషులు. తలుపు తీసిన తల్లి వాళ్లెవరో, ఎందుకొచ్చారో అడగలేదు. కొడుకు ఎత్తుకొచ్చిన సరుకెంతో చెబితే చెక్కు రాసిచ్చేస్తానంది. ఆ ఇంటికి కొడుకు మీద ఫిర్యాదులు అంత మామూలు మరి!

కింద సెల్లార్‌లో ఆ పుత్రరత్నం టేబుల్ టెన్నిస్ ఆడుతున్నాడు. బల్లకి ఇటువైపూ తనే, అటువైపూ తనే! చుట్టూ దుకాణాల నుంచి కొట్టుకొచ్చిన తినుబండారాల పెట్టెలు. రెప్ప వేసేలోపు వీధి చివరికెళ్లి రాగలడు కాబట్టి, ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు.

2014లో వచ్చిన ‘ఎక్స్‌మెన్: డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్’ సినిమాలో క్విక్‌సిల్వర్ పరిచయం ఇలాగే ఉంటుంది. క్విక్‌సిల్వర్ అంటే పాదరసం. పేరుకి తగ్గట్టే ఎవరి చేతికీ చిక్కడు. అయితే ఇది అతడి మొదటి జన్మ కాదు. ఒకే రామకథని ఒక్కో కవి ఒక్కోలా చెప్పినట్టు, మార్వెల్ కామిక్స్‌వాళ్లూ తమ పాత్రల్ని కొత్త కాలానికీ కొత్త పాఠకులకీ తగ్గట్టు మళ్లీ మళ్లీ పుట్టిస్తుంటారు.

రుణం తీర్చుకోవడానికి...

క్విక్‌సిల్వర్ మొదట కనిపించింది 1964లో, ‘ఎక్స్‌మెన్’ నాలుగో సంచికలో. సృష్టికర్తలు స్టాన్ లీ, జాక్ కిర్బీ. అసలు పేరు పియెట్రో. అతడికో కవల సోదరి, వాండా. ఆమెకున్న వింత శక్తి చూసి భయపడిన జనం చంపడానికి వస్తే, లోహాన్ని శాసించే మాగ్నెటో అడ్డుపడి కాపాడతాడు. ఆ రుణం తీర్చుకోవడానికే అన్నాచెల్లెళ్లిద్దరూ అతడి ముఠాలో చేరతారు. అంటే పియెట్రో చెడ్డవాడై చెడ్డవాళ్లతో కలవలేదు. ఆపదలో ఆదుకున్నవాడు చెడ్డవాడయ్యాడు, అంతే!

ఆ మరుసటి ఏడాదే కథ తిరగబడింది. 1965లో ‘అవెంజర్స్’ పదహారో సంచికలో కొత్త దళాన్ని నడిపించే బాధ్యత కెప్టెన్ అమెరికా మీద పడుతుంది. అందులో చేరినవాళ్లెవరు? పియెట్రో, వాండా, హాక్‌ఐ. ముగ్గురూ నిన్నటిదాకా అవతలి పక్షంవాళ్లే. పాత లెక్కలు పక్కనపెట్టి, పని అప్పగించేసరికి వాళ్లే వీరులయ్యారు.

ఎప్పుడూ ఏటీఎం ముందే!

వీరుడయ్యాడు సరే... మరి ఆ విసుగూ, ఆ పొగరూ ఎందుకు? దీనికి 1993లో రచయిత పీటర్ డేవిడ్ ‘ఎక్స్-ఫ్యాక్టర్’ 87వ సంచికలో చక్కటి జవాబు చెప్పాడు. క్విక్‌సిల్వర్‌ని మానసిక వైద్యుడి ముందు కూర్చోబెట్టాడు. ఏటీఎం క్యూలో మన ముందున్న మనిషికి మిషన్ వాడటం రాక తడుముకుంటుంటే ఎలా ఉంటుంది? పియెట్రోకి లోకమంతా అలాగే కనిపిస్తుందట, పొద్దస్తమానం! అప్పటిదాకా గర్విష్ఠి అనుకున్నవాడి మీద పాఠకుడికి మొదటిసారి జాలి పుడుతుంది.

నాన్న మెప్పు కోసం

పియెట్రో తండ్రి ఎవరన్నది మరో పెద్ద కథ. తండ్రి మాగ్నెటోయేనని 1980ల మొదట్లో తేల్చారు. 2014-15 కామిక్స్‌లో కాదు పొమ్మన్నారు! ఈ మధ్యలో వచ్చిన రూపాల్లో చాలావరకూ అతడు మాగ్నెటో కొడుకే. 2000లో మొదలైన ‘ఎక్స్‌మెన్: ఎవల్యూషన్’ కార్టూన్‌లో అతడో స్కూలు పిల్లాడు. తోటి పిల్లల లాకర్లు దోచి, నేరం ఇంకొకడి మీదికి తోసేసే రకం. తండ్రి మెచ్చుకుంటాడంటే ఏ పనికైనా సిద్ధం. 2001లో వచ్చిన ‘అల్టిమేట్’ కామిక్స్‌లోనైతే ఎంత చేసినా తండ్రి చేత చీవాట్లు తినే కొడుకు.

2015లో వచ్చిన ‘అవెంజర్స్: ఏజ్ ఆఫ్ అల్ట్రాన్’ సినిమాలో అసలు మాగ్నెటో ప్రస్తావనే లేదు. ఎక్స్‌మెన్ సినిమా హక్కులు అప్పట్లో వేరే స్టూడియో చేతిలో ఉన్నాయి. అందుకని ఈ పియెట్రోని పదేళ్ల వయసులో బాంబుదాడిలో తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న అనాథని చేశారు. పగతో మొదలైన ఆ కుర్రాడు చివరికి ఒక పసివాడినీ, హాక్‌ఐనీ కాపాడుతూ తూటాలకి ఎదురెళ్లి ప్రాణం వదులుతాడు. ఆ తర్వాత హాక్‌ఐ తన బిడ్డకి పెట్టుకున్న పేరులో ‘పియెట్రో’ కూడా ఉంటుంది.

పని అయిపోయాక...

మళ్లీ ఆ సెల్లార్‌లోకి వద్దాం. అక్కడ అతడి పేరు పీటర్. వచ్చిన ముగ్గురూ ఫిర్యాదు చేయలేదు, సాయం అడిగారు. పెంటగాన్ కింద బందీగా ఉన్న మాగ్నెటోని బయటికి తేవాలి. ఇన్నాళ్లూ సరుకు ఎత్తుకొచ్చినవాడిని ఈసారి ఓ మనిషిని ఎత్తుకురమ్మన్నారన్నమాట! అక్కడి వంటగదిలో తూటాలు గాల్లో పాకుతుంటే, పీటర్ తీరిగ్గా సూపు రుచి చూసి, వేలితో ఆ తూటాల దారి మళ్లించే సన్నివేశం సినిమాకే హైలైట్.

తర్వాత? అద్దెకారు తిరిగిచ్చేయమని చెప్పి, పెద్దవాళ్లు విమానమెక్కి వెళ్లిపోతారు. 1973లో జరిగే కథ అది. 1983లో జరిగే ‘ఎక్స్‌మెన్: అపోకలిప్స్’(2016) మొదలయ్యేసరికి పీటర్ ఇంకా అమ్మ ఇంట్లోనే ఉంటాడు. మాగ్నెటో తన తండ్రి అని ఈలోగా తెలుస్తుంది. ఆయన్ని వెతుక్కుంటూ బయల్దేరి, ప్రొఫెసర్ బడి పేలిపోతుంటే ఒక్కరిని తప్ప పిల్లలందర్నీ బయటికి చేరుస్తాడు. ఆఖర్న తండ్రి ఎదురుగా నిలబడతాడు. కానీ, ‘నేను నీ కొడుకుని’ అన్న ఒక్క మాట మాత్రం నోరు దాటదు. తూటా కన్నా ముందు పరిగెత్తేవాడికి ఆ రెండడుగుల దూరం దాటడం చేతకాలేదు!

ఇన్ని జన్మల్లోనూ వేగం అదే, విసుగూ అదే. మాగ్నెటో పిలిస్తే ముఠాలో చేరాడు. కెప్టెన్ నమ్మితే వీరుడయ్యాడు. పని చేయించుకుని మర్చిపోతే మళ్లీ సెల్లార్‌కి చేరాడు. ఆ తల్లి చెక్కుల మీద చెక్కులు రాసినా తీరని బాకీ ఒకటుంది... ‘నువ్వు మాకు కావాలిరా’ అని ఎవరో ఒకరు ఆ పిల్లాడితో అనడం!