గోడలు త్రాగిన ఎండ

గోడలకు చెవులుంటాయని తెలుగువారి సామెత. ఉర్దూలోను అదే మాట కలదు. చెవుల సంగతి ఎట్లున్నను, మన కొత్తగూడెములో గోడలకు దాహము మాత్రము తప్పక ఉన్నది. పగలంతయు అవి ఎండను త్రాగును. మనము నిద్రకు ఉపక్రమించు వేళకు, త్రాగినదంతయు గదిలోనికి వెడలగ్రక్కును. తొమ్మిది అంగుళముల ఇటుక గోడను వేడి దాటుటకు ఆరేడు గంటలు పట్టునని భౌతికశాస్త్రము చెప్పుచున్నది. మే మాసములో పడమటి గోడ ప్రక్కన మంచము వేసికొని పరుండినవారికి ఆ శాస్త్రముతో పని లేదు.

1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గును గుర్తించినారు. అది మొదలు ఈ నేల ఇతరుల పొయ్యిలకు నిప్పునిచ్చుచునే ఉన్నది. ఇక్కడి బొగ్గు పాల్వంచలోను, మణుగూరులోను విద్యుత్తుగా మారును. ఒక్క యూనిట్టునకు సుమారు ముప్పాతిక కిలో బొగ్గు కావలెను. ఆ విద్యుత్తు తీగల వెంట మన ఇండ్లకే తిరిగి వచ్చి, గోడలు లోనికి పంపిన వేడిని వెలుపలికి నెట్టుటకు వ్యయమగుచున్నది. ఒక రాత్రి ఏ.సి. ఎనిమిది యూనిట్లు కాల్చిన ఇంట ఆరు కిలోల బొగ్గు బూడిద అయినదన్నమాట. మన తండ్రులు, అన్నలు భూగర్భమున చెమటోడ్చి తీసిన బొగ్గులో కొంత, మనము గోడ సరిగా కట్టుకొనని తప్పును దిద్దుటకే దగ్ధమగుచున్నదని తలచినప్పుడు మాకు బాధ కలుగుచున్నది.

ఇది కేవలము కరెంటు బిల్లు ప్రశ్న కాదు. రాత్రి షిఫ్టు ముగించుకొని తెల్లవారి ఇల్లు చేరిన కార్మికుడు పగలే నిద్రింపవలెను. పైన రేకులు, ప్రక్కన ఎండకు కాగిన నాలుగున్నర అంగుళముల గోడ. పిల్లలను బయటకు పంపి, తలుపు మూసి, నేలపై నీళ్లు చల్లి ఇల్లాలు ఎన్ని పాట్లు పడినను ఆయనకు నిద్ర పట్టదు. ఆ నిద్రలేమితోనే ఆయన మరల ఆ రాత్రి గనిలోనికి దిగును. గని భద్రతను గూర్చి మాట్లాడువారు ఇంటి గోడను గూర్చి కూడ ఒక మాట మాట్లాడవలెనని మా అభిప్రాయము.

ఎండలో గొర్రెలను తోలుకొని పోవు గొల్లవానిని చూడుడు. మండుటెండలోను గొంగడి కప్పుకొనియే ఉండును. ఉన్ని పోగుల నడుమ చిక్కుకొన్న గాలి చలిని ఎట్లు ఆపునో వేడిని కూడ అట్లే ఆపును. గోడకు కావలసినది ఆ గొంగడియే. మన ప్రాంతపు పాత మట్టి గోడల మందము, కోయగూడెములలో వెదురు దడిపై మెత్తిన మట్టి, పైన దట్టముగా కప్పిన గడ్డి, ఇవి కొంతవరకు ఆ పని చేసినవి. పూర్వులు చేసినదంతయు ఉత్తమమని వాదించుటకు మేము సిద్ధముగా లేము. వానకు గోడ కూలిన సంగతి, నిప్పురవ్వకు కప్పు అంటుకొన్న సంగతి మన పెద్దలే చెప్పుదురు. కాని వాటిని విడిచినప్పుడు వాటిలోని గుణమును కూడ విడిచితిమి.

కేరళలో లారీ బేకర్ ప్రచారములోనికి తెచ్చిన ‘రాట్ ట్రాప్’ కట్టుబడిలో ఇటుకలను పక్కవాటుగా నిలిపి, నడుమ ఖాళీ విడిచి పేర్చుదురు. ఆ ఖాళీలోని గాలియే గొంగడి. పైగా ఇటుకలు దాదాపు నాలుగవ వంతు మిగులును. బూడిద, సున్నము, సిమెంటు కలిపి, అల్యూమినియము పొడితో పొంగించి చేయు తేలిక దిమ్మెలు మరియొక మార్గము. నిండుగా బుడగలున్న ఆ దిమ్మె గుండ పోవు వేడి, అదే మందముగల ఇటుక గుండ పోవుదానిలో ఇంచుమించు నాలుగవ వంతే. విద్యుత్కేంద్రములున్న చోట బూడిదకు కొరత యేమి? అయితే బూడిద ఇటుకలన్నియు ఇట్టివే యని భ్రమపడరాదు. గట్టిగా నొక్కి చేసిన మామూలు బూడిద ఇటుకలో ఈ బుడగలుండవు. థర్మోకోల్ పలకలు గోడకు అతికించువారు వాటిని గోడ వెలుపలి వైపున అమర్చి, పైన పూత పూయవలెను. విడిచిపెట్టిన థర్మోకోల్ నిప్పునకు ఆహుతి అగును. ఒంటి అంతస్తు ఇంటికి మొదట కప్పు, తరువాత పడమటి గోడ. రాత్రి కిటికీలు తెరువనిచో ఎంత మంచి గోడయైనను కుంపటియే.

చట్టములు లేకపోలేదు. 2018లో కేంద్రము వెలువరించిన ‘ఎకో నివాస్ సంహిత’ గోడలు, కిటికీల ద్వారా లోనికి వచ్చు వేడికి చదరపు మీటరునకు 15 వాట్ల హద్దు నిర్ణయించినది. కాని అది 500 చదరపు మీటర్లు, ఆపై స్థలములలోని ఇండ్లకే. 2023లో తెలంగాణ ప్రభుత్వము ప్రకటించిన చల్లని కప్పుల విధానము నివాసములలో 600 చదరపు గజములు, ఆపై స్థలములవాటికే తప్పనిసరి. లెక్క చూడగా రెండును ఒకే గీత. ఆ గీతకు దిగువననే మనలో అధికులము నివసించుచున్నాము. ఇక అద్దె ఇంటివాని గతి వేరు: గోడ కట్టునది యజమాని, బిల్లు కట్టునది ఇతడు. యజమానికి మంచి గోడపై మక్కువ ఎట్లు కలుగును?

కావున కళాశాల కమిటీవారికి మా మనవి. ఇకమీదట కట్టించు ఏ గదికైనను పడమటి గోడ నడుమ ఖాళీ ఉండునట్లు చూడుడు. అది చూచి పట్టణములోని మేస్త్రీలు నేర్చుకొందురు. ఉన్న గదుల కప్పులకు ఈ ఫాల్గుణములోనే తెల్లసున్నము వేయించుడు. గోడ లోపల, వెలుపల ఉష్ణోగ్రతలు గంటగంటకు వ్రాసి ఉంచు పని విద్యార్థులమైన మేము చేయుదుము. ప్రయోగశాలలో థర్మామీటర్లు ఉన్నవి. మొదటి కొలతకు మా తరగతి గది పడమటి గోడనే తీసికొందుము.