భాంజా బందూకు పని నేర్చుకుంటానంటే గునాహా?



మొన్న జుమ్మా తర్వాత వనపర్తిలో మా ఆపా ఇంట్లో దస్తర్‌ఖాన్ మీదే పెద్ద పంచాయితీ అయింది. మా భాంజా మెకానికల్ డిప్లొమా పూర్తి చేశాడు. రాజా వారి ప్యాలెస్‌లో 1959 నుంచి నడుస్తున్న ఆ పాలిటెక్నిక్‌లోనే. హైదరాబాదులో లైసెన్సు ఉన్న ఒక ఆర్మరర్ దగ్గర షాగిర్దుగా చేరతానన్నాడు. పోటీల్లో కాల్చే షూటర్ల బోల్ట్ యాక్షన్ రైఫిళ్ళకు రిసీవర్ సీదా చేసే పని. అంతే, నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన మామూ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. గద్వాల ఖాలా అయితే "తౌబా తౌబా" అని చెంపలు వేసుకుంది.

"బందూకుల పనా? మనోళ్ళ పిల్లగానికా? రేపు ఏమన్నయితే ఎవడు జవాబు చెప్తడు?" మామూ మాట ఇది. అక్కడ నేను గట్టిగా మాట్లాడలేకపోయాను, పెద్దవాళ్ళున్నారు. ఇక్కడ మాట్లాడతా.

ముందు ఆ పనేమిటో వినండి. దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్న పదకొండు మందిలో ఒక్కరు కూడా వాణ్ని ఆ సవాల్ అడగలేదు.

రిసీవర్ అంటే రైఫిల్‌కు నడుము లాంటిది. బోల్ట్ ముందుకూ వెనక్కూ జరిగేది దాని లోపలే, బారెల్ చూడీలతో బిగిసేది దాని మూతికే. బోల్ట్‌కు చెవుల్లాంటి లగ్గులుంటాయి. తలుపు గడియ లాగా అవి రిసీవర్ లోపలి గూళ్ళలో పడి, తూటా పేలినప్పుడు వెనక్కి తన్నే జోరునంతా ఆపుతాయి. రెండు లగ్గులూ సమానంగా ఆనాలి. కానీ కార్ఖానాలో జల్దీ జల్దీగా తయారైన మాల్‌లో చూడీ ఒక గీత మీద, బోల్ట్ నడిచే దారి ఇంకో గీత మీద ఉండొచ్చు. ఉక్కును కాల్చి గట్టిపరిచేటప్పుడు కూడా అది కొంచెం వంగుతుంది. అప్పుడు ఒక లగ్గు ఆనుతుంది, రెండోది గాలిలో ఉంటుంది. రిసీవర్ మూతి వంకరగా ఉంటే బారెల్ భుజం ఒక పక్కే నొక్కుకుంటుంది. పేలిన ప్రతిసారీ ఉక్కు ఒక్కో తీరుగా వణుకుతుంది, గుండు ఒక్కోసారి ఒక్కో చోట పడుతుంది. నమాజుకు ముందు ఇమామ్ సాబ్ సఫ్ సీదా చేసుకోమని ఎందుకంటారు? ఒక్కడు జరిగి నిలబడితే పక్కవాడు, వాడి పక్కవాడు, అందరూ వంకరే కదా.

కారిగర్ ఏం చేస్తాడంటే, బోల్ట్ నడిచే దారి మధ్యగీతనే అసలు లెక్కగా పట్టుకుంటాడు. రిసీవర్‌ను లేత్‌లో ఎక్కించి, డయల్ గేజ్ ముల్లు కదలకుండా అయ్యేదాకా మరలు సవరిస్తాడు. దీనికే సగం రోజు పోతుంది. ఆ తర్వాతే ఉలి తగులుతుంది: మూతి, లగ్గులు ఆనే గూళ్ళు, చూడీలు, అన్నీ ఆ ఒక్క గీతకే. బోల్ట్ మొహం, లగ్గుల వెనక భాగం కూడా సీదా చేస్తాడు. ఇంజనీరు నక్షాలో గీసిన కొలతకు చేతిలో ఉన్న ముక్కను తిరిగి తేవడం కాబట్టి దీనికి బ్లూప్రింటింగ్ అని పేరు. మన వడ్రంగి సూత్‌లో మాట్లాడతాడు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఈ పని థౌలో, అంటే అంగుళంలో వెయ్యో వంతులో. తల వెంట్రుక మందం మూడు థౌల చుట్టూ ఉంటుంది. 1962లో వచ్చిన అమెరికా రెమింగ్టన్ 700 మీద ఈ పని చేయించుకునేవాళ్ళు ఎక్కువ. దాని రిసీవర్ గుండ్రంగా ఉంటుంది, లేత్‌లో సులువుగా పడుతుంది.

సచ్ బాత్ ఒకటి దాచను. ఇది జాదూ కాదు. బారెల్ ఖరాబ్ అయితే, తూటాలు ఒక్కోటి ఒక్కో బరువుంటే, రిసీవర్‌ను ఎంత సీదా చేసినా ఫాయిదా లేదు. అది చెప్పకుండా పైసలు గుంజే ఉస్తాద్‌లు కూడా దునియాలో ఉన్నారు. భాంజా ఆ మాట తనే నాతో అన్నాడు. అప్పుడే నాకు వీడి మీద భరోసా కలిగింది.

ఇప్పుడు కానూన్ సంగతి. గద్వాలలో మా చిచ్చా ముప్పై ఏళ్ళు లేత్ నడిపాడు. బోరు మోటార్ల షాఫ్టులు, ట్రాక్టర్ పిన్నులు. ఒకసారి అమ్రాబాద్ వైపు రైతు ఒకాయన, పంటను అడవి పందుల నుంచి కాపాడుకోవడానికి లైసెన్సు ఉన్నాయన, .315 రైఫిల్ తెచ్చాడు. మన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ మాల్, పాత లీ-ఎన్‌ఫీల్డ్ తరహాది, లగ్గులు బోల్ట్ వెనక వైపు ఉండేది. "జర లోపల సాఫ్ చెయ్యి చిచ్చా, గురి తప్పుతాంది" అన్నాడు. చిచ్చా ముట్టుకోలేదు. చాయ్ తాగించి, లైసెన్సు ఉన్న దుకాణానికి పొమ్మన్నాడు.

ఎందుకో చిచ్చా మాకు తర్వాత చెప్పాడు. పాత రైఫిళ్ళు కొన్నింటిలో ఉక్కు పైపొర మాత్రమే గట్టిది. ఆ పొర కోసేస్తే కింద మెత్తన, లగ్గు గూడు నెమ్మదిగా నలుగుతుంది, తూటాకూ బోల్ట్‌కూ మధ్య సందు పెరుగుతుంది. ఒకరోజు పేలుడు ముందుకు పోవలసింది మొహం మీదికి వస్తుంది. పైగా 1959 ఆర్మ్స్ యాక్టు ఐదో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా బందూకు మరమ్మతు కూడా జుర్మే. 2019 సవరణ తర్వాత దానికి ఏడేళ్ళకు తగ్గని ఖైదు, యావజ్జీవం దాకా పోవచ్చు. కాబట్టి ఇది చదివి తమ లేత్‌లో ప్రయత్నం చేద్దామనుకునే జవాన్లకు చేతులెత్తి చెప్తున్నా: వద్దు. మా భాంజా అడిగింది ఆ చోర్ దారి కాదు, కాగితాలున్న దారి.

మామూ, మీ ఖౌఫ్‌ను నేను ఎగతాళి చేయడం లేదు. 2007 మక్కా మసీదు పేలుడు తర్వాత మన పిల్లలను ఎట్లా పట్టుకుపోయారో చూశాం. నిర్దోషులని తేలాక సర్కారే ముఆవజా ప్రకటించింది, కానీ ఆ పిల్లల జవానీ ఎవరు వాపస్ ఇచ్చారు? కాలిన వేలు నిప్పంటే భయపడుతుంది, అది అక్లే. అయితే ఆ ఖౌఫ్‌తో మనమేం చేస్తున్నామో కూడా చూడండి. దర్ఖాస్తు, దస్తఖత్, తనిఖీ, రిజిస్టర్ అన్నీ ఉన్న హలాల్ రోజీ నుంచి మన పిల్లలను మనమే పక్కకు లాగుతున్నాం. ఇంకెవరూ ఆపకముందే మనమే ఆపుతున్నాం. గద్వాల ఖాలా కూతురు కాలేజీ ఎన్‌సీసీలో .22 రైఫిల్‌తో మంచి గురి చూపించింది. రెండో నెలలోనే మాన్పించారు. కమాండెంట్ వద్దనలేదు, పోలీసు వద్దనలేదు. వద్దన్నది ఇంట్లో వాళ్ళే.

అసలు ఈ ఇలాఖాకు ఆయుధం పరాయిదా? వనపర్తి సంస్థానం రాజా దగ్గరున్న ఆఫ్రికన్ సిపాయిలే తర్వాత నిజాం ఫౌజులోకి పోయారు. మాసబ్‌ట్యాంక్ పక్క ఏసీ గార్డ్స్ మొహల్లా పేరు ఆ ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్‌దే. అబిడ్స్ దగ్గర గన్‌ఫౌండ్రీ ఉంది, మన పెద్దలు తోప్ కా సాంచా అనేది. 1795లో ఫ్రెంచి రేమండ్, అదే మన మూసా రాము, నిజాం కోసం పెట్టించిన కార్ఖానా. ఇప్పుడైతే మనకు ఆ బస్టాపు పేరే మిగిలింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాదీ గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెస్తే మన మొహల్లాలోనూ మిఠాయి పంచారు. చప్పట్లకు అడ్డు రాని ఖౌఫ్ పనికే అడ్డొస్తుందా?

ఇంకో మాట, ఇది ఎవరూ పైకి అనలేదు కానీ అందరి మొహం మీదా కనబడింది: "డిప్లొమా చదివి లేత్ మీద నూనె చేతులా?" జెద్దాలో డ్రైవర్ వీసాకు రెండు లక్షలు అప్పు చేసి పంపుతారు, అందులో ఇజ్జత్ ఉంది. వెయ్యో వంతు కొలిచే చేతిలో లేదు. డయల్ గేజ్ ముల్లు చదివే వేలికి బందూకు ఒక్కటే దారి కాదు. రేపు ఈ పని నచ్చకపోతే బాలానగర్ టూల్ రూముల్లో అదే హునర్ అడుగుతారు. 1968లో మొదలైన టూల్ డిజైన్ సంస్థ సీఐటీడీ అక్కడే ఉంది, ఇంకా చదవాలంటే చదువుకోవచ్చు.

మా దుల్హాభాయ్ పంచాయితీ అంతా విని ఒక్క మాటా అనలేదు. ఆర్మరర్ ఇచ్చిన కాగితం మీద బాప్ దస్తఖత్ కావాలి. అది ఇంకా వాళ్ళ ఫ్రిజ్ మీద గ్లాసు కింద ఉంది. వచ్చే సోమవారం ఆఖరు. దుల్హాభాయ్ ఫోన్‌లో ఈ బ్లాగు చదువుతారని నాకు తెలుసు.